వంతెన కింద హల్క్

నల్లగొండ,
ఆదివారం రాత్రి

దోస్తూ,

ఎట్లున్నవ్? పోయిన వారం పని మీద హైదరాబాద్ పోయి, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కెలుకుతుంటే ఏం దొరికిందో తెలుసా? ‘ది అవెంజర్స్’ మొదటి సంచిక! అదే, సూపర్‌హీరోల జట్టు మీద వచ్చిన అమెరికా బొమ్మల కథల పుస్తకం. అసలుది కాదులే, తర్వాత మళ్లీ అచ్చేసింది. అసలుది 1963 సెప్టెంబర్ సంచిక, వెల 12 సెంట్లు. రాసింది స్టాన్ లీ, బొమ్మలు జాక్ కిర్బీ. బస్సు చౌటుప్పల్ దాటకముందే చదవడం అయిపోయింది. నార్కట్‌పల్లి వచ్చేసరికి రెండోసారి సగంలో ఉన్నాను.

ఇందులో ‘లోకి’ అనే విలన్ అచ్చం శకునే అనుకో. తాను కత్తి పట్టడు, ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పుతాడు. తన అన్న, ఉరుముల దేవుడు థార్ మీద పగ తీర్చుకోవడానికి హల్క్ అనే పచ్చటి మహాబలుణ్ణి ఎరగా వేస్తాడు. రైలు పట్టాల మీద డైనమైట్ ఉన్నట్టు భ్రమ కల్పిస్తాడు. తీసేద్దామని హల్క్ దూకితే అక్కడ ఏమీ ఉండదు, ఆ దెబ్బకు వంతెన విరుగుతుంది. అప్పుడు హల్క్ పారిపోడురా! విరిగిన పట్టాలను తన ఒంటితో మోసి రైలును దాటిస్తాడు. అయినా నింద అతని మీదే పడుతుంది.

ఆ పేజీ దగ్గర ఆగిపోయాను. తొమ్మిదో తరగతిలో నీళ్ల ట్యాంక్ పైపు యాదికుందా? పైపు ఊడిపోతే నేను రెండు చేతులతో ఒత్తి పట్టుకున్నాను, చొక్కా అంతా తడిసింది. సార్ వచ్చి నేనే విరగ్గొట్టానని చెంప మీద కొట్టారు. అందరూ గమ్మున నిలబడితే నువ్వొక్కడివే ముందుకొచ్చి "సార్, వీడు విరగ్గొట్టలే, పట్టుకుంటుండు" అన్నావు. నీకూ ఒకటి పడింది.

కథలో హల్క్‌కు అట్లాంటి దోస్తు రిక్ జోన్స్. ఇంకా పిల్లగాడే. హల్క్ తప్పు చేసి ఉండడని నమ్మి, తోటి పిల్లలతో కలిసి రేడియోలో ఫెంటాస్టిక్ ఫోర్ అనే ఇంకో హీరోల జట్టుకు కబురు పెడతాడు. లోకి దాన్ని థార్ వైపు మళ్లిస్తాడు. కానీ ఆ కబురు కవచం తొడిగే ఐరన్ మ్యాన్‌కూ, చీమలను ఆడించే యాంట్ మ్యాన్‌కూ, అతని జోడీ వాస్ప్‌కూ చేరుతుంది. అంటే ఇంత పేరున్న జట్టు దారి తప్పిన కబురుతో పుట్టింది! ఎవరూ పిలిచి ఏర్పాటు చేసింది కాదు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

సినిమాలు చూసి ఈ పుస్తకం తెరిస్తే తికమక పడతావు. కెప్టెన్ అమెరికా ఉండడు, నాలుగో సంచికలో గాని జట్టులోకి రాడు. ఐరన్ మ్యాన్ కవచం ఎరుపు కాదు, మొత్తం బంగారు రంగు. హల్క్ అయితే సర్కస్‌లో దాక్కుంటాడు. పగటివేషగాడిలా మొహానికి రంగు పూసుకుని, మరబొమ్మనని చెప్పుకుంటూ ఆడుతుంటాడు. అంత బలమున్నవాడు తలదాచుకోవడానికి ఆ వేషం కట్టాల్సి వచ్చిందే అని చాలా బాధేసింది.

నచ్చనివీ ఉన్నాయి. వాస్ప్‌తో ఎంతసేపూ థార్ అందం గురించే మాట్లాడించారు, అన్యాయం. జట్టుకు పేరు చెప్పింది ఆమే కదా! చివర్లో లోకిని చీమల సాయంతో సీసపు ట్యాంకులో పడేసి ముగించడం మరీ హడావుడి.

తరమడం, వేటాడటంతో విసిగిపోయానంటూ హల్క్ జట్టులో చేరతాడు. రెండో సంచికలోనే వదిలి వెళ్లిపోతాడు. అది నా దగ్గర లేదు, మీ దిక్కు ఎక్కడన్నా దొరుకుతుందేమో జర చూడు.

దసరాకు రా. పానగల్ చెరువు కట్ట మీద కూర్చుందాం, పుస్తకం తెస్తాను. ముందు ఆ వంతెన పేజీ తీసి చూడాలి నువ్వు.

నీ
దోస్తు