సేంద్రియ వరి ప్రయోగం: మొదటి ఏడాది జమా ఖర్చులు

దాతలకు, ఊరి రైతులకు నమస్కారం. ముగ్గురు రైతుల పొలాల్లో సేంద్రియ వరిని మామూలు సాగు పక్కన పెట్టి పోల్చే ఈ ప్రయోగానికి 2024 జూన్ నుంచి 2025 మార్చి 31 వరకు మన కమిటీ చేతికి వచ్చిన డబ్బుకు, పెట్టిన ఖర్చుకు లెక్క ఇది. రసీదు పుస్తకాలు, బిల్లులు, పాస్‌బుక్ కమిటీ గదిలోనే ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

ముందు జమ. వ్యవసాయ కళాశాల పూర్వ విద్యార్థులు 84 మంది కలిసి 2,10,000 రూపాయలు ఇచ్చారు. మన ఊరి రైతులు 46 మంది తలా 500 చొప్పున 23,000 ఇచ్చారు. విశ్వవిద్యాలయానికి మంజూరైన పరిశోధన గ్రాంటులో పొలం పనుల కింద మన వాటా మొదటి విడత 1,50,000. బ్యాంకు వడ్డీ 3,140. మొత్తం జమ 3,86,140 రూపాయలు.

అమెరికా పౌరసత్వం తీసుకున్న మన ఊరి అబ్బాయి ఒకరు 40,000 పంపుతానన్నారు. విదేశీ విరాళాల చట్టం కింద మనకు రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి వద్దని చెప్పాల్సి వచ్చింది. ఆయన మంచి మనసుకు కమిటీ కృతజ్ఞతలు. ఇండియన్ పాస్‌పోర్టుతో అక్కడ ఉంటున్నవారు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు.

ఇక ఖర్చు. మొత్తం 2,27,793 రూపాయలు. ఇందులో పెద్ద పద్దు విద్యార్థులది. రావె కార్యక్రమం (విద్యార్థులు పల్లెలో ఉండి సాగు పని నేర్చుకునే చదువు భాగం) కింద వచ్చిన ఆరుగురు బీఎస్సీ అగ్రికల్చర్ పిల్లలకు అయిదు నెలల గది అద్దె, భోజనం కలిపి నెలకు ఒక్కొక్కరికి 3,000 చొప్పున 90,000 అయింది. ఈ ఖర్చు ఎక్కువైందని ఒకరు అన్నారు. ఆ పిల్లలు తెల్లారేసరికి మడిలో ఉండేవాళ్లు. ఒక్కో మడిలో వంకరటింకరగా తిరుగుతూ, వీ ఆకారంలో గుంట తీసి, 15 సెంటీమీటర్ల లోతు దాకా మట్టి గీకి, గోనెపట్టా మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేస్తూ చివరికి అరకిలో మిగిల్చేవాళ్లు. అలా 48 నమూనాలు. వాటి పరీక్షలకు 400 చొప్పున 19,200 అయింది.

కలుపు తీతకు 36 మంది కూలీలు, 400 చొప్పున 14,400. పశువుల ఎరువు, వేప పిండి, జీవామృతానికి బెల్లం, శనగపిండి, డ్రమ్ములు కలిపి 21,450. రైతు శిక్షణ నాలుగు రోజులకు 18,750. రాకపోకలు 9,480. ఆడిటరు, ప్రింటింగు, బ్యాంకు చార్జీలు 6,200.

ఇప్పుడు చాలామంది అడిగిన పద్దు. యూరియా 2 బస్తాలు, 266.50 చొప్పున 533. డీఏపీ 2 బస్తాలు, 1,350 చొప్పున 2,700. పొటాష్ ఒక బస్తా 1,550. మొత్తం 4,783. 'సేంద్రియం అని చందా వసూలు చేసి యూరియా కొంటారా' అని ఊళ్లో మాట వచ్చింది. అడగడంలో తప్పు లేదు. ముగ్గురు రైతులు తలా ఎకరం ఇచ్చారు. అందులో అర ఎకరం సేంద్రియం, పక్కనే అర ఎకరం మామూలు సాగు. రెండింటిలోనూ సాంబ మసూరే, ఒకే రోజు నాట్లు, ఒకే కాలువ నీళ్లు. ఆ పక్క మడి లేకపోతే, దిగుబడి తగ్గింది సేంద్రియం వల్లా, వాన వల్లా, భూమి వల్లా అన్నది తేల్చలేం. 2004-05లో మొదలైన జాతీయ సేంద్రియ సాగు నెట్‌వర్క్ ప్రయోగాలను ఉత్తరప్రదేశ్‌లోని మోదీపురం నుంచి నడిపిస్తున్నారు. అక్కడా సేంద్రియం, రసాయనం, రెండూ కలిపిన పద్ధతి పక్కపక్కనే పెట్టి పోలుస్తారు. స్విట్జర్లాండ్‌లోని థెర్విల్ పొలంలో 1978 నుంచి ఇదే పని జరుగుతోంది. ఆ అయిదు బస్తాలు మన ప్రయోగానికి తూకం రాళ్లు.

తూకం నాడు ఏం జరిగిందీ చెప్పాలి. మొదటి రైతు మామూలు మడిలో 75 కిలోల బస్తాలు 15 అయ్యాయి, సేంద్రియం మడిలో 11. ఆయన మాట్లాడకుండా కాటా దగ్గరే నిలబడి, ఆఖరి బస్తా దింపి మళ్లీ పెట్టమన్నాడు. పెట్టాం. అంతే వచ్చింది. రెండో ఆయనకు పద్నాలుగున్నర, పదకొండు. మూడో ఆయన పొలం సెప్టెంబరు మొదట్లో కృష్ణ వరదకు మునిగింది, తొమ్మిది, ఏడు. రెండు మడులూ ఒకేలా మునిగాయి కాబట్టి తేడా లెక్క చెల్లుతుంది. తగ్గింది మొత్తం తొమ్మిదిన్నర బస్తాలు. మొదటే మాట ఇచ్చినట్టు ఏ గ్రేడు మద్దతు ధర క్వింటాలు 2,320 కట్టి, బస్తాకు 1,740 లెక్కన 16,530 రైతులకు చెల్లించాం. ప్రయోగం అందరిదీ అయినప్పుడు నష్టం ఆ ముగ్గురి నెత్తిన పడకూడదు. ఈ పద్దు రాసినందుకు నాకు గర్వంగా ఉంది.

గ్రాంటు సంగతి. నాట్లు ఆగస్టు మొదటి వారంలో పడ్డాయి, డబ్బు ఖాతాలో పడింది డిసెంబరు 19న. అప్పటికి కోతలు అయిపోయాయి. ఆ నాలుగు నెలలూ పూర్వ విద్యార్థుల చందాతోనే నెట్టుకొచ్చాం, ప్రతి శనివారం మెస్ బిల్లు వచ్చిందంటే టెన్షన్. గ్రాంటులోంచి ఇప్పటికి పెట్టింది ఒక్కటే: ఆరు ధాన్యం నమూనాల్లో పురుగుమందుల అవశేషాల పరీక్ష, 4,500 చొప్పున 27,000. ఒక సేంద్రియ మడి ధాన్యంలో కొద్దిగా అవశేషం కనపడింది. పై పొలం నీళ్లు గట్టు పొర్లి రావడమే కారణమని అనుకుంటున్నాం. ఈ ఏడు ఆ గట్టు పెంచి, వేరే బోదె తీయిస్తాం.

నిల్వ 1,58,347 రూపాయలు. అందులో గ్రాంటువి 1,23,000, చందాలవి, వడ్డీ కలిపి 35,347. మార్చిలోపు బిల్లులు పెట్టి గ్రాంటు ఖర్చు చూపించేయమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. ఆ పని చేయలేదు. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాల (జీఎఫ్‌ఆర్) 12ఏ ఫారంలో వినియోగ పత్రం ఉన్నదున్నట్టు రాసి, మిగిలింది రెండో ఏటికి వాడుకునేందుకు అనుమతి అడిగాం. అనుమతి రాకపోతే తిరిగి కట్టేస్తాం. ఆ పత్రం ఆమోదం పొందాకే రెండో విడత వస్తుంది.

ప్రయోగం మూడేళ్లది. జాతీయ సేంద్రియ ప్రమాణాల ప్రకారం వరిలాంటి పంటలకు మార్పు కాలమే (మామూలు సాగు నుంచి సేంద్రియానికి పొలం మారే గడువు) రెండేళ్లు. అందుకే తొలి ఏటి బస్తాలు చూసి తీర్పు చెప్పవద్దని మనవి. ముగ్గురు రైతులూ రెండో ఏటికి ఒప్పుకున్నారు. విద్యార్థుల భోజనానికి ఈసారి 90,000 కావాలి, చేతిలో ఉన్న చందా, వడ్డీ కలిపి 35,347. మిగతా 54,653 జూన్ నారుమళ్లకు ముందే కూడాలి.

కమిటీ తరఫున,
కోశాధికారి