తడబడ్డ చోటే ఆగండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవుల్లో వయొలిన్, వీణ, తబలా మొదలుపెట్టిన పిల్లలకు జూన్‌లో బడులు తెరుచుకున్నాయి. హనుమకొండ, వరంగల్, కరీంనగర్‌లలో సంగీతం చెప్పేవాళ్లకు తల్లిదండ్రుల నుంచి ఇప్పుడు ఒకటే ఫిర్యాదు: "రోజూ గంటసేపు కూసోవెడుతున్నం సార్, అయినా వస్తలేదు." గంట చాలు, చిన్నపిల్లలకైతే ఎక్కువే. ఆ గంటలో ఏం జరుగుతోందో కాస్త దగ్గరగా చూడమని మీ పత్రిక ద్వారా అడగదలిచాం.

వయొలిన్ పట్టిన పిల్ల సరళీ వరుసలు (స రి గ మల తొలి పాఠాలు) మొదటి దాని నుంచి ఎత్తుకుని చివరిదాకా వాయిస్తుంది. 'మ' నుంచి 'ప'కు వెళ్లే చోట గరగరమంటుంది. ఆగుతుంది, సరిచేసుకుంటుంది, ముందుకు పోతుంది. మర్నాడూ అంతే. నెల తిరిగేసరికి వరుసతోపాటు ఆ ఆగడమూ సరిచేసుకోవడమూ కూడా చేతికి పాఠమైపోతాయి. చేతికి తప్పొప్పులు తెలియవు, ఎన్నిసార్లు ఎలా చేయిస్తే అలాగే పట్టుకుంటుంది.

సరిగ్గా అక్కడే ఎందుకు గరగర? మన కర్ణాటక సంగీత పద్ధతిలో వయొలిన్ తీగలు స-ప-స-ప శ్రుతిలో ఉంటాయి. మధ్యస్థాయిలో స రి గ మ ఒక తీగ మీద, ప నుంచి పై షడ్జమం (పై స) దాకా పక్కనున్న సన్న తీగ మీద పలుకుతాయి. తీగ మారేటప్పుడు కుడి మోచేయి కొంచెం దిగాలి. పిల్లలు మోచేయి బిగబట్టి మణికట్టు ఒక్కటే తిప్పుతారు, కమాను (తీగల మీద లాగే పుల్ల) రెండు తీగలనూ ఒకేసారి ఒరుసుకుంటుంది. కాబట్టి ముందు ఎడమచేతి వేళ్లు పెట్టకుండా ఆ రెండు తీగల మీదే కమానును అటూ ఇటూ మార్చాలి, మోచేతిని చూసుకుంటూ పదిసార్లు. తర్వాత వేళ్లు పెట్టి "గ మ ప ధ, ధ ప మ గ" అంతవరకే. ఒక్కో స్వరానికి ఒక్కో కమాను, నిదానంగా. వరుసగా ఐదుసార్లు శుభ్రంగా రావాలి. నాలుగోసారి తప్పితే లెక్క మళ్లీ ఒకటి నుంచి. అది కుదిరాక రెండు వైపులా ఒక్కో స్వరం కలిపి "రి గ మ ప ధ ని". పూర్తి వరుస ఆ తర్వాతే. ఇదంతా పది నిమిషాల పని.

స్వరస్థానాల సంగతీ ఇలాంటిదే. తొలి పాఠాలన్నీ మాయామాళవగౌళలో ఉంటాయి, ఈ ఏర్పాటు పురందరదాసుదని సంప్రదాయం చెబుతుంది. ఆ రాగంలో స-రి దగ్గర, రి-గ బాగా దూరం, గ-మ మళ్లీ దగ్గర. పై సగంలో ప-ధ, ధ-ని, ని-స కూడా అచ్చం అంతే. వేళ్లేమో సమానంగా పరుచుకోవాలని చూస్తాయి. దాంతో రిషభం పైకి జరుగుతుంది, గాంధారం కిందికి దిగుతుంది. ఆధార స్వరాన్ని ఆగకుండా వినిపించే శ్రుతి పెట్టె మోగకుండా వాయించే పిల్లకు ఈ జారుడు ఎప్పటికీ వినపడదు. ఫోన్‌లో తంబూరా పెట్టుకున్నా చాలు, వేల రూపాయల పెట్టె కొననక్కర్లేదు.

ఇక కాలాలు, అంటే వేగాలు. ఒక్కో కాలానికి వేగం రెట్టింపవుతుంది. "మూడో కాలం వచ్చేసింది" అని మురిసిపోయే ముందు తాళం చూడండి. సరళీ వరుస ఆరోహణ అవరోహణలు కలిపి 16 స్వరాలు. ఎనిమిది దెబ్బల ఆదితాళంలో మొదటి కాలానికి రెండు ఆవర్తనాలు (తాళం చుట్లు) పడుతుంది, రెండో కాలానికి ఒకటి, మూడో కాలానికి అర ఆవర్తనం. చాలామంది పిల్లలు కాలం మారగానే తాళాన్ని సగానికి నెమ్మదింపజేస్తారు, వాయించేది మొదటి కాలమే! సమానంగా దెబ్బలు కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి, ముందు వాద్యం పక్కన పెట్టి, చేత్తో తాళం వేస్తూ నోటితో మూడు కాలాలూ పాడించండి. నోట నిలవనిది వేలికి నిలవదు. తప్పు లేకుండా మూడుసార్లు వచ్చిన వేగమే ఆ రోజు వేగం. రెండు రోజులకోసారి నాలుగు దెబ్బలు పెంచుకోవచ్చు, చెడితే ఎనిమిది తగ్గించాలి. తబలాకూ ఇదే దారి: "తిరకిట" అనే తబలా పలుకును నోటితో గడగడా అనలేని పిల్లాడు తీన్‌తాల్ అనే తాళం పదహారు మాత్రల్లో దాన్ని ఇరికించబోతే ఠేకా (తాళపు మూల నడక) కూలిపోతుంది.

సమయం విషయానికొస్తే, ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కంటే రోజూ పొద్దున ఇరవై, సాయంత్రం ఇరవై నిమిషాలు మేలు. అందులో ఐదు శ్రుతికీ, నిడుపాటి స్వరాలకూ. పది తడబడే చోటుకు. మిగిలింది పాత పాఠానికి. రాత్రి చివర్లో బాగా వచ్చిందని నమ్మకండి, అప్పటికి ఇరవైసార్లు వాయించి ఉంటారు కాబట్టి రాకేం చేస్తుంది. మర్నాడు వాద్యం తీసి శ్రుతి చేయగానే మొదటిసారి ఎలా వచ్చిందో అదే అసలు లెక్క. ఆ ఒక్కసారినీ ఫోన్‌లో రికార్డు చేసి, నోటుబుక్కులో తేదీ, ఏ చోటు, ఏ వేగం అని ఒక్క ముక్క రాస్తే చాలు. వేలి కొసలు మండటం మామూలే. మణికట్టు లాగినా, వేళ్లు తిమ్మిరెక్కినా ఆపేసి, పట్టు ఎలా ఉందో గురువుకు చూపించాలి.

"పాట ఎప్పుడు నేర్పుతారు?" అనే అమ్మానాన్నలకు ఒక విన్నపం. బడి వార్షికోత్సవానికి పది రోజుల ముందు కీబోర్డు మీద అంకెలు రాసి నేర్పే సినిమా పాట ఆ రోజుకు పనికొస్తుంది, పదకొండో రోజుకు అంకెలు చెరిగిపోతాయి. "ఎంతసేపు వాయించినవ్?" అని కాకుండా "ఇయ్యాల ఏ చోటు పట్టుకున్నవ్?" అని అడిగి చూడండి.

వాద్యాన్ని బీరువా మీదికి ఎక్కిస్తే దాన్ని దించడానికే బద్ధకం, హాల్లో చేతికందే చోట పెట్టండి. కానీ కూలర్ ఎదురుగా వద్దు, ఆ తేమకు తబలా తోలు సడలి శ్రుతి దిగిపోతుంది. వీణ 24 మెట్లూ మైనం మీదే నిలబడతాయి. మన ఎండల్లో ఆపి ఉంచిన కారులో ఒక్క మధ్యాహ్నం వదిలేస్తే మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి, ఆపైన పిల్ల ఎంత సరిగ్గా నొక్కినా అపస్వరమే. వయొలిన్ కమాను వెంట్రుకలకు పట్టు కోసం రాసే రోజిన్ బంక నాలుగైదు రుద్దులు చాలు, ఎక్కువైతే బరబరమంటుంది. వాయించడం అయ్యాక మర తిప్పి వెంట్రుకలు వదులు చేసి పెట్టెలో పెట్టాలి, లేదంటే కమాను పుల్ల వంపు పోతుంది.

ఇట్లు,
కొందరు సంగీత ఉపాధ్యాయులు,
హనుమకొండ