తిరిగొచ్చిన ల్యాప్‌టాప్‌ల సంగతి

మన షాపుకి వచ్చే అందరికీ నమస్కారం.

అక్టోబరు, నవంబరు నెలల్లో పాత ల్యాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వేసే వేగమైన డిస్కు) వేయించుకుని, విండోస్ మళ్లీ ఎక్కించుకుని వెళ్లినవాళ్లు ముప్పై ఒక్క మంది. వాళ్లలో తొమ్మిది మంది తిరిగొచ్చారు. ఒక్కరు తప్ప అందరిదీ ఒకటే మాట: "షాపులో బాగానే ఆన్ అయింది. ఇంటికెళ్లాక నల్ల స్క్రీను మీద తెల్ల అక్షరాలు వస్తున్నాయి." మొదటి ముగ్గురు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఖమ్మంలో పద్నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, నా చేత్తో ఎక్కించిన విండోస్ రెండు రోజులకే పోవడం ఏంటని పొగరుగా అనుకున్నాను. ఒకరిద్దరితో ఆ మాట పైకే అన్నాను. తప్పు నా దగ్గరే ఉందని ఇప్పుడు తేలింది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ కంపెనీ మామూలు అప్‌డేట్లు ఆపేసింది. దాంతో అటక మీదున్న ల్యాప్‌టాప్‌లన్నీ ఒక్కసారిగా షాపుకి దిగాయి. ఎక్కువ భాగం పది పన్నెండేళ్ల నాటివి, ఛార్జర్ పీకితే ఆరిపోయే బాపతు. ఇలాంటి వాటికి నేను ఒక ప్యాకేజీలా చేస్తాను: హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్ దుమ్ము దులపడం, ప్రాసెసర్ మీద కొత్త పేస్టు, విండోస్. మదర్‌బోర్డు మీద ఉండే చిన్న సీమాస్ బ్యాటరీ కూడా మారుస్తాను. మారుస్తామని బిల్లులోనే రాస్తాం.

గొడవంతా ఆ బ్యాటరీతోనే వచ్చింది. అది రూపాయి బిళ్ల కంటే కాస్త చిన్నది, నల్ల తొడుగులో రెండు వైర్లతో ఉంటుంది. ల్యాప్‌టాప్‌కి కరెంటు లేనప్పుడు కూడా గడియారం నడవడానికి, పాత మోడల్స్‌లో బయోస్ సెట్టింగులు గుర్తుండటానికి అదే ఆధారం. బయోస్ అంటే ఆన్ చేయగానే ముందుగా లేచి, డిస్కులో విండోస్‌ని వెతికి నడిపించే ప్రోగ్రాం. అది వెతకడానికి లెగసీ, యూఈఎఫ్ఐ అని రెండు దారులున్నాయి. డిస్కుని ఏ దారికి తగ్గట్టు సిద్ధం చేసి విండోస్ ఎక్కిస్తామో, ఆన్ చేసినప్పుడు బయోస్ కూడా ఆ దారిలోనే వెతకాలి. నేను యూఈఎఫ్ఐకి మార్చి ఎక్కించాను. షాపులో రోజంతా ఛార్జర్ పెట్టే ఉంటుంది కాబట్టి బాగానే ఆన్ అయింది. మీరు ఛార్జర్ పీకి సంచిలో పెట్టుకుని ఇంటికెళ్లారు. పెద్ద బ్యాటరీ ముందే చచ్చింది, చిన్న బ్యాటరీలో పస లేదు. బయోస్ అన్నీ మర్చిపోయి కంపెనీ నుంచి వచ్చినప్పటి లెగసీకి వెళ్లిపోయింది. ఇక అక్కడ వెతికితే దానికి విండోస్ కనపడదు. 'బూట్ అవడానికి డివైస్ లేదు' అని మెసేజ్ పెట్టి కూర్చుంటుంది. లోపల విండోస్ మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది.

ఇదంతా ఇప్పుడు సుళువుగా చెప్పేస్తున్నాను గానీ, కనిపెట్టడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో చేసిన ఒక పని గురించి చెప్పాలి.

రెండో వారంలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఆటోలో వచ్చారు. ల్యాప్‌టాప్‌ని పాత చీర ముక్కలో చుట్టి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు తెచ్చారు. ఆన్ కావట్లేదన్నారు. "ఏదో నొక్కి ఉంటారు మేడమ్" అన్నాను. "నేనేం నొక్కలేదు నాయనా, మూత తీశానంతే" అన్నారు. షాపు నిండా జనం. బయోస్‌లోకి వెళ్లి చూడటానికి రెండు నిమిషాలు చాలు. అది కూడా చూడకుండా పెన్‌డ్రైవ్ పెట్టి, డిస్కు ఫార్మాట్ కొట్టి, విండోస్ మళ్లీ ఎక్కించాను. పది రోజుల క్రితమే కదా వేసిచ్చింది, లోపల ఏముంటుందిలే అనుకున్నాను. ఆమెను ఒక్క మాట అడగలేదు.

ఆ పది రోజుల్లో ఆవిడ వాళ్లమ్మ పాడిన బతుకమ్మ పాటలు టైపు చేసుకున్నారట. ఇరవై ఆరు పాటలు. పాత హార్డ్ డిస్కులోవైతే ఏ పనికైనా ముందు ఎవరిదైనా కాపీ తీసి పెడతాను. ఇవి నేను వేసిన కొత్త ఎస్‌ఎస్‌డీలో ఉన్నాయి, కాపీ లేదు. హార్డ్ డిస్కయితే ఫార్మాట్ చేశాక కూడా రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఎంతో కొంత లాగొచ్చు. ఎస్‌ఎస్‌డీ అలా కాదు. ఫార్మాట్ చేసేటప్పుడే ఈ స్థలం ఖాళీ అని దానికి కబురు వెళ్తుంది, అది లోపల్లోపల తుడిచేసుకుంటుంది. అయినా రెండు రాత్రులు ప్రయత్నించాను. ఏమీ రాలేదు. ఆవిడ తిట్టలేదు. "పాటలు నోటికి వచ్చులే నాయనా, కళ్లే సహకరించవు" అన్నారు. తిట్టినా బాగుండేది.

అసలు కారణం బయటపడింది ఇంకో కుర్రాడి వల్ల. అతని ల్యాప్‌టాప్ ఆన్ అయింది, కానీ బ్యాంకు సైటు తెరుచుకోవట్లేదు, 'మీ గడియారం వెనకబడి ఉంది' అని వస్తోందన్నాడు. కింద మూల చూస్తే తేదీ 2012 జనవరి 1. కొత్త సీమాస్ బ్యాటరీ వేసిన మెషీన్ 2012కి ఎలా వెళ్తుంది? విప్పి, బ్యాటరీ పీకి, మీటరు పెట్టాను. కొత్తదైతే మూడు వోల్టులు దాటాలి. 2.1 చూపించింది. సొరుగులో యాభై బ్యాటరీల ప్యాకెట్లో మిగిలిన పంతొమ్మిదీ ఒక్కొక్కటే పరీక్షించాను. 2.3, 2.2, 2.4, ఒకటైతే 1.7. మూడు దాటింది ఒక్కటీ లేదు.

ఒకదాని తొడుగు బ్లేడుతో కోసి చూశాను. బిళ్ల మీద వైరు రేకు అతికించిన వెల్డింగ్ చుక్కలుంటాయి. ఆ చుక్కల పక్కనే ఇంకో జత చుక్కలున్నాయి, పాతవి, రేకు పీకేసిన గుర్తులతో. ఇంకోటి కోశాను, అదే. ఇంకోదాని లోపల బిళ్ల వేరే కంపెనీది. ఎవడో పాత బోర్డుల్లోంచి పీకిన బిళ్లలకి కొత్త వైర్లు అతికించి, కొత్త తొడుగేసి, కొత్త కవర్లో పెట్టి అమ్మాడు.

ఇవి పంపింది సికింద్రాబాద్‌లో ఉన్న ఒక హోల్‌సేలర్. పేరు రాయను. తొమ్మిదేళ్ల పరిచయం. ఆర్టీసీ కార్గోలో పార్సిల్ వేస్తే మర్నాటికల్లా నా చేతిలో ఉండేది. 2020 లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసులకని అందరూ ల్యాప్‌టాప్ ఛార్జర్ల కోసం ఎగబడితే, నాకు అప్పు మీద సరుకు పంపిన మనిషి. వాళ్ల అమ్మాయి పెళ్లికి నేనూ మా ఆవిడా వెళ్లి వచ్చాం. అందుకే ఫోన్ చేసేటప్పుడు నాకు కోపం లేదు, ఆయన్నీ ఎవరో మోసం చేశారనే అనుకున్నాను. చెప్పింది మొత్తం విని, "అన్నా, బ్యాటరీ అన్నాక ఒకటీ అరా పోతుంటాయి కదా" అన్నాడు. ఒకటీ అరా కాదు, యాభైకి యాభై అన్నాను. "మీ షాపులో తేమ పట్టిందేమో చూసుకో" అన్నాడు. కోసిన బిళ్లల ఫోటోలు పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. మర్నాడు మళ్లీ చేస్తే, "మూడు వేల సరుకుకి ఇంత రాద్ధాంతం ఎందుకన్నా, క్రెడిట్ నోట్ రాసిస్తా, వచ్చే బిల్లులో తగ్గించుకో" అన్నాడు.

మూడు వేలే. నాకూ తెలుసు. ఆ మూడు వేలు వదిలేస్తే ఆయనతో వ్యాపారం ఎప్పట్లాగే నడుస్తుంది. స్క్రీన్లు, కీబోర్డులు ఆయన ఇచ్చే రేటుకి ఇంకెవరూ ఇవ్వరు. ఒక్కసారి 'పొరపాటైంది' అని ఉంటే నేనూ వదిలేసేవాణ్ణే. తేమ అన్నాడు చూడండి, అక్కడ తెగిపోయింది. క్రెడిట్ నోట్ వద్దన్నాను, ఉన్న బాకీ పైసాతో సహా కట్టేసి ఖాతా మూసేశాను. మా ఆవిడ దీన్ని తిక్క అంటుంది. అయ్యుండొచ్చు. మీరు మాత్రం ఒకటి గమనించండి, ఇకమీదట స్క్రీన్, కీబోర్డు మార్పించే వాళ్లకి రేటు కొంచెం పెరుగుతుంది, పార్టు రావడానికి రెండు మూడు రోజులు ఎక్కువ పడుతుంది. అది నా తిక్కకి మీరు కట్టే ఖరీదు, దాచను.

అయినా ఆయన్ని అని ఏం లాభం? మీటరు నా టేబుల్ మీదే ఉంది. వేసే ముందు పెట్టి చూస్తే పది సెకన్ల పని.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని విషయం మిగతా ఇరవై రెండు మంది. వాళ్లు తిరిగి రాలేదు. ఛార్జర్ ఎప్పుడూ పెట్టే ఉంచుతారో, ఆన్ కాక పక్కన పడేశారో తెలియదు. మా షాపులో కుర్రాడు, "అన్నా, వచ్చినవాళ్లకి చేద్దాం. రానివాళ్లకి ఫోన్ చేసి మన తప్పు మనమే చెప్పుకోవడం ఎందుకు?" అన్నాడు. వాడి మాటలో న్యాయం లేకపోలేదు. కొన్ని మోడల్స్‌లో ఆ బ్యాటరీ దగ్గరికి వెళ్లాలంటే కీబోర్డు, పై కవరు, ఒక్కోసారి బోర్డే బయటికి తీయాలి. ఒక్కోదానికి గంటన్నర. ఇరవై రెండు అంటే వారం రోజుల రాబడి పోయినట్టే. పైగా ఊళ్లో మాట ఎలా పాకుతుందో మీకు తెలుసు. మూడు రోజులు వాయిదా వేశాను. నాలుగో రోజు మధ్యాహ్నం మా వీధిలో కరెంటు పోయింది. ఈ క్షణంలో ఎవరింట్లోనో ఒక ల్యాప్‌టాప్ అన్నీ మర్చిపోయి ఉంటుంది, వాళ్లు పక్క షాపుకి పట్టుకెళ్తే అక్కడివాడూ నాలాగే అడగకుండా ఫార్మాట్ కొడతాడు అనిపించింది. ఆ సాయంత్రమే ఫోన్లు మొదలుపెట్టాను. పదిహేడు మంది దొరికారు. మిగతా ఐదుగురి నంబర్లు కలవట్లేదు. మీలో ఎవరైనా ఆ రెండు నెలల్లో పాత ల్యాప్‌టాప్ చేయించుకుని ఉంటే, నేను ఫోన్ చేసినా చేయకపోయినా ఒకసారి తీసుకురండి. ఛార్జర్ కూడా తెండి. బ్యాటరీ మీ కళ్ల ముందే మీటరు పెట్టి చూపించి వేస్తాను. రూపాయి తీసుకోను.

డబ్బు వాపసు అడిగినవాళ్లు ఇద్దరున్నారు. ఇవ్వలేదు. ఎస్‌ఎస్‌డీ బాగుంది, విండోస్ బాగుంది, ఆ పని సరిగ్గానే చేశాను. చెడిన ముక్క మార్చిస్తాను. టీచరమ్మకి మాత్రం మొత్తం తిరిగిచ్చాను, అది వేరే లెక్క.

ఈలోగా మీ దాంట్లో ఆ నల్ల స్క్రీను వస్తే ఎవరి చేతా ఫార్మాట్ చేయించకండి. స్క్రీను ఫోటో తీసి షాపు వాట్సాప్‌కి పంపండి. ఆన్ చేస్తూనే ఎఫ్2 కొడితే డెల్, ఏసర్, ఆసుస్‌లో చాలావరకు బయోస్ తెరుచుకుంటుంది, హెచ్‌పీలో ఎఫ్10. అక్కడ ఏం మార్చాలో ఫోన్లోనే చెబుతాను. బ్యాటరీ మార్చేదాకా ఛార్జర్ పీకకండి, పీకితే మళ్లీ మొదటికొస్తుంది. ఆన్ అవుతోంది గానీ తేదీ తప్పు చూపిస్తోందంటే అదీ ఇదే జబ్బు.

పనిలో పని, విండోస్ 11 సంగతి. దానికి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే కుదురుతుంది. మూడో తరం, నాలుగో తరం వాటికి అడ్డదారిలో ఎక్కించే షాపులున్నాయి. నేను ఎక్కించను. అలా ఎక్కించిన వాటికి అప్‌డేట్లు వస్తాయని కంపెనీ హామీ ఇవ్వదు. రేపు రాకపోతే మీరు వచ్చేది నా దగ్గరికే. విండోస్ 10నే ఉంచుకుని, 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చేలా నమోదు చేసిస్తాను. లేదంటే విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత సిస్టం వేస్తాను. ఈ విషయంలో బతిమాలినా ఉపయోగం లేదు.

ఇంకొకటి. ఇప్పట్నుంచి ఫార్మాట్‌కి ముందు "లోపల ఏమున్నాయి?" అని అడిగి, మీ జవాబు జాబ్ కార్డు మీద రాసి సంతకం తీసుకుంటాం. నిన్ననే చేయించుకున్నా సరే అడుగుతాం. చిరాకు పడకండి.

టీచరమ్మ ఆదివారాలు మధ్యాహ్నం షాపుకి వస్తున్నారు. ఆవిడ పాడతారు, మా కుర్రాడు టైపు చేస్తాడు. 'ఉయ్యాలో' అనేది ప్రతి వరసకీ కాపీ పేస్ట్ కొట్టేశాడు, ఆ పాటకి 'చందమామ' రావాలని మొట్టికాయ తిన్నాడు. ఇప్పటికి పదకొండు పాటలయ్యాయి. ఆ టైములో షట్టరు సగం దించి ఉంటుంది. మూసేశామనుకుని వెళ్లిపోకండి, లోపలే ఉంటాం.