6/6 వచ్చింది కాబట్టి కళ్లు బాగున్నట్టేనా?

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా అమ్మాయికి పదమూడేళ్లు. నిరుడు బడిలో జరిగిన ఆరోగ్య పరీక్షలో బరువు గడిలో 'ఎక్కువ' అని, చూపు గడిలో '6/6' అని, అంటే పట్టికలో అక్షరాలు మామూలుగా చదివిందని, రాసిచ్చారు. రెండూ నిజమే. ఆ రెండు గడులనూ కలిపి చదవాలని మాకూ తట్టలేదు, రాసినవాళ్లకూ తట్టలేదు.

అప్పటికే మూడు నెలలుగా తలనొప్పి. పడుకుంటే పెరిగేది, పొద్దున్న లేచేసరికి మరీను. పరీక్షల టెన్షన్ అన్నారు కొందరు. ఫోన్ వల్లే అన్నాను నేను. వంగి లేస్తే కొన్ని సెకన్లు అంతా మసకబారి మళ్లీ కనబడేదట. చెవిలో గుండె కొట్టుకుంటోందమ్మా అంటే నవ్వేశాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం. తలకు స్కాన్ తీయించాం. మెదడులో గడ్డ ఏమీ లేదన్నారు, హాయిగా ఇంటికొచ్చేశాం.

చివరికి మనుషులు ఇద్దరిద్దరుగా కనబడుతున్నారంటే కళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ చుక్కలు వేసి, కంట్లోకి లైటు వేసి చూసి, రెండు కంటి నరాలూ వాచాయన్నారు. నడుము దగ్గర సూదితో వెన్ను నీటి ఒత్తిడి కొలిస్తే 340 మిల్లీమీటర్లు. పిల్లల్లో 280 దాటితే ఎక్కువ కిందే లెక్కట.

మెదడు చుట్టూ, వెన్నులోనూ ఉండే ఆ నీటి ఒత్తిడి పుర్రెలో పెరగడమే ఈ జబ్బు. కొత్తదేం కాదు, జర్మన్ వైద్యుడు క్విన్‌కే 1890లలోనే దీని గురించి రాశారు. గడ్డ లేకుండానే గడ్డ లక్షణాలన్నీ చూపిస్తుంది కాబట్టి 'సూడోట్యూమర్' అన్న పేరూ ఉంది, అంటే ఉత్తుత్తి గడ్డ. సన్నగా ఉన్న చిన్నపిల్లలకూ రావచ్చు, మొటిమలకు వాడే కొన్ని మందుల వల్లా రావచ్చు. కానీ ఈడొచ్చిన పిల్లల్లో, అందులోనూ ఆడపిల్లల్లో, ఊబకాయంతో దీనికి గట్టి సంబంధం ఉంది.

అయ్యా, నా బాధంతా ఆ 6/6 గురించే. ఈ జబ్బులో కంటి నరం వాచి, చూపు ముందుగా అంచుల్లో పోతుంది. ఎదురుగా ఉన్న అక్షరాలు చాలాకాలం బాగానే కనబడతాయి. మా పిల్ల పట్టికలో ఆఖరి వరుస దాకా గడగడా చదివి, బయటికొస్తూ తలుపు అంచుకు భుజం కొట్టుకుంది. మొద్దు నడక అని మందలించాను కూడా.

అందుకే అడుగుతున్నాను. బరువు ఎక్కువున్న పిల్లలను తలనొప్పి ఉందా, చూపు మసకబారుతోందా అని బడి పరీక్షలోనే అడిగించండి. ఉందంటే కంటి నరం చూసే డాక్టరుకు పంపే గడి ఒకటి ఆ ఫారంలో పెట్టించండి. స్కాన్ బాగుందన్నా సరే, కంటి నరం చూడకుండా ఇలాంటి పిల్లను ఇంటికి పంపొద్దని ఆసుపత్రులకు చెప్పండి. చుక్కలకూ లైటుకూ పెద్ద ఖర్చేం కాదు.

మా అమ్మాయి ఇప్పుడు ఆ ఒత్తిడి తగ్గించే అసిటజోలమైడ్ మాత్రలు వేసుకుంటోంది, వేళ్లు తిమ్మిర్లెక్కుతాయంటుంది. బరువు తగ్గితే ఒత్తిడీ తగ్గుతుందని డాక్టర్లు చెప్పారు, తగ్గుతోంది కూడా. అయితే ఎలా తగ్గాలో కూర్చోబెట్టి చెప్పినవాళ్లు ఒక్కరే. తిండి తగ్గించు అని అందరి ముందూ అన్నవాళ్లు మాత్రం లెక్కలేనంత మంది. బడికొచ్చే మీ సిబ్బంది ఆ రెండో రకంలో చేరకుండా చూడండి.

తలనొప్పి పోయింది. ఎడమ కంటి పక్కచూపు మాత్రం కొంత తిరిగి రాలేదు. వచ్చే విడత బడి పరీక్షలకు ఫారాలు అచ్చేసేలోపు ఈ ఉత్తరం మీ కంటపడాలని రాస్తున్నాను.

ఇట్లు,
ఒక తల్లి