కర్ఫ్యూ పెట్టిన చోట "ప్రశాంతం" ఏంటండీ?

ఎడిటర్ గారికి నమస్కారం. ఎక్కడైనా గొడవలు జరిగి కర్ఫ్యూ పెడితే మర్నాడు పేపర్లో "పరిస్థితి ప్రశాంతం" అని హెడ్డింగ్ వచ్చేస్తుంది, టీవీ స్క్రోలింగుల్లోనూ అదే. షాపులు మూసేసి, జనం తలుపులేసుకుని లోపల బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే దాన్ని ప్రశాంతం అని ఎలా అంటామండీ?

శాంతి అన్నమాట సంస్కృతంలో "శమ్" అనే ధాతువు నుంచి వచ్చింది. చల్లారడం, ఉడిగిపోవడం అని అర్థం. శమించడం, ఉపశమనం, ప్రశాంతం అన్నీ అందులోంచి పుట్టినవే. కోపం చల్లారితే శాంతించాడు అంటాం, నొప్పి తగ్గితే ఉపశమనం అంటాం, అంటే లోపల మండేది ఏదో ఉంది అది ఆరింది అని. ఆరకుండానే పైనుంచి అదిమిపెడితే దానికి మనకి అణచివేత అని వేరే మాట ఉండనే ఉంది, అణచడం ఇంకొకళ్ళు చేసేది, శమించడం దానంతటది జరిగేది, ఈ తేడా చాలా పెద్దది.

నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన రసాలు ఎనిమిదే అంటారు, శాంతం తొమ్మిదోదిగా తర్వాత చేరింది. అప్పుడు కూడా కొందరు అసలు కదలికే లేనిదాన్ని రంగం మీద ఎలా చూపిస్తారని అభ్యంతరం చెప్పారు, ఆ నాట్యశాస్త్రానికి వ్యాఖ్యానం రాసిన అభినవగుప్తుడు మాత్రం శాంతం రసమేనని గట్టిగా నిలబడ్డాడు. కదలకుండా ఉండటం, శాంతంగా ఉండటం ఒకటి కాదని అప్పుడే చర్చ జరిగిందన్నమాట.

ఇంగ్లీషు పీస్ లాటిన్ పాక్స్ నుంచి వచ్చింది, ఒప్పందాన్ని ప్యాక్ట్ అంటారే అదీ దాని చుట్టమే. అరబిక్ సలాం, హీబ్రూ షాలోమ్‌లలో లోటు లేకుండా నిండుగా ఉండటం అనే భావం ఉంది. భయపడి నోరుమూసుకోవడం అని మాత్రం వీటిలో దేనికీ అర్థం లేదు.

మనకి నెమ్మది అనే చక్కటి మాట కూడా ఉంది, జ్వరం నెమ్మదించింది అంటాం కదా. కన్నడంలో ఇప్పటికీ నెమ్మది అంటే మనశ్శాంతే, మన దగ్గర అది ఎక్కువగా స్లోగా అనే అర్థంలోకి జారిపోయింది, నాకైతే బాధగానే ఉంటుంది.

కాబట్టి కర్ఫ్యూ ఉన్నచోట "కర్ఫ్యూ కొనసాగుతోంది, కొత్త ఘటనలు లేవు" అని ఉన్నదున్నట్టు రాయండి. షాపులు తెరిచి, పిల్లలు బడికెళ్ళి, కొట్టుకున్నవాళ్ళు మళ్ళీ మాట్లాడుకోవడం మొదలెట్టాక అప్పుడు ప్రశాంతం అని రాయండి. డెస్కులో సబ్ ఎడిటర్లకి ఈ విషయం దయచేసి చెప్పగలరు.

ఇట్లు,
మీ పాఠకురాలు