సెనేట్ ప్రైమరీ బరిలో ఎవరున్నారో తెలుగులో చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

మీ పత్రికలో ప్రవాస తెలుగువారి పేజీని నేను రోజూ ఫోన్లో చదువుతాను. గుంటూరులో చాలా ఏళ్లు పాఠాలు చెప్పి, రిటైరయ్యాక పిల్లల దగ్గరికి వచ్చి కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఉండిపోయాను. పౌరసత్వం వచ్చాక నేను వేసిన మొదటి ఓటు ఈ 2024 మార్చి 5న జరిగిన ప్రైమరీలోనే. ప్రైమరీ అంటే నవంబరులో జరిగే అసలు ఎన్నికకు ముందు అభ్యర్థులను వడపోసే తొలి విడత ఎన్నిక. ఆ ఓటు వేయడానికి ఎంత తికమక పడ్డానో చెప్పి, మీ పత్రికను ఒక సాయం అడుగుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇక్కడ నమోదైన ఓటర్లందరికీ బ్యాలెట్ పోస్టులో ఇంటికే వస్తుంది. ఫిబ్రవరి మొదట్లో మాకూ వచ్చింది. భోజనాల బల్ల మీద పరిచి కళ్లజోడు పెట్టుకుని చూస్తే, అమెరికా పార్లమెంటులో ఎగువ సభ అయిన సెనేట్ సీటు ఒక్కదానికే 27 పేర్లున్నాయి. మన దగ్గరైతే పేరు తెలియకపోయినా గుర్తు తెలుస్తుంది. సైకిలో, ఫ్యానో, కారో, చెయ్యో చూసి మీట నొక్కేస్తాం. ఇక్కడ గుర్తులూ లేవు, ఫొటోలూ లేవు. పేరు, ఇష్టపడే పార్టీ, చేస్తున్న పని, అంతవరకే. ఆ జాబితా అయ్యాక మళ్లీ ఇంకో సెనేట్ జాబితా, అందులో మళ్లీ అవే పేర్లు కొన్ని. అచ్చుతప్పేమో అనుకున్నాను. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్న మా అల్లుడిని అడిగితే అతనికీ అర్థం కాలేదు.

తర్వాత తెలిసింది ఏమిటంటే, సెనేటర్ డయాన్ ఫైన్‌స్టైన్ 2023 సెప్టెంబరులో చనిపోయారు. ఆమె పదవీకాలం 2025 జనవరి 3 వరకు ఉంది. గవర్నరు ఆ స్థానంలో లఫోన్జా బట్లర్‌ను నియమించారు. అందుకని బ్యాలెట్లో ఒకే సీటుకు రెండు పోటీలు పెట్టారు. ఒకటి కొత్తగా మొదలయ్యే ఆరేళ్లకు, రెండోది మిగిలిపోయిన ఆ కొద్ది కాలానికి. రెండింటికీ వేరువేరుగా ఓటు వేయాలి. ఈ రెండు ముక్కలూ ఎవరైనా ముందే తెలుగులో రాసి ఉంటే నాకు మూడు రోజుల టెన్షన్ తప్పేది.

ఫ్రీమాంట్‌లో ఉండే మా వదిన సంగతి ఇంకా కష్టం. ఆవిడకు ఇంగ్లీషు చదవడం అంతగా రాదు. నాకు ఫోన్ చేసి, "నువ్వు వేసినాయనకే నేనూ వేస్తాను, పైనుంచి ఎన్నో పేరో చెప్పమ్మా" అంది. నేను లెక్కపెట్టి చెప్పాను. ఆవిడ కూడా లెక్కపెట్టి, నల్ల పెన్ను పట్టుకుని, నింపబోయే ముందు ఎందుకైనా మంచిదని పేరులోని మొదటి అక్షరం అడిగింది. కలవలేదు. రాష్ట్రమంతటికీ ఉండే పోటీల్లో పేర్ల వరస అన్ని చోట్లా ఒకేలా ఉండదట. అక్షరాలను లాటరీ తీసి వరస పెడతారు, ఆ తర్వాత ఒక్కో అసెంబ్లీ నియోజకవర్గం మారేకొద్దీ పైనున్న పేరు కిందికి పోతుంది. పై పేరుకు అనవసరంగా ఎక్కువ ఓట్లు పడకుండా ఈ ఏర్పాటు. మంచి ఏర్పాటే. కానీ ఆ సంగతి తెలియనివాళ్లు ఫోన్లో వరస నంబరు అడిగి వేస్తే ఓటు ఇంకొకరికి పోతుంది. ఆ రోజు వదిన అక్షరం అడగకపోతే అదే జరిగేది.

మరి బరిలో ఎవరున్నారో మావాళ్లు ఎలా తెలుసుకుంటున్నారు? మా వాట్సాప్ గ్రూపులో ముగ్గురి పేర్లతో ఒక మెసేజ్ తిరిగింది. "పోటీలో ఉన్నది వీళ్లే" అని. టీవీలో చర్చలకు పిలిచింది నలుగురిని: ఆడమ్ షిఫ్, కేటీ పోర్టర్, బార్బరా లీ, బేస్‌బాల్ ఆడిన స్టీవ్ గార్వీ. ఇక ప్రకటనలైతే చెప్పక్కర్లేదు. డెమొక్రాట్ షిఫ్ తన ప్రకటనల్లో రిపబ్లికన్ గార్వీ పేరే పదేపదే ఎత్తారు. 2010లో ఓటర్లు ఒప్పుకున్న పద్ధతి ప్రకారం ఇక్కడ అన్ని పార్టీలవాళ్లూ ఒకే జాబితాలో పోటీ చేస్తారు, ఏ పార్టీ అయినా సరే మొదటి ఇద్దరే నవంబరుకు వెళ్తారు. డెమొక్రాట్ల బలం ఎక్కువున్న ఈ రాష్ట్రంలో, సొంత పార్టీ పోర్టర్ కంటే గార్వీ ఎదురుగా ఉంటే నవంబరులో షిఫ్‌కు తేలిక అని అప్పుడే చాలామంది రాశారు. అలాగే జరిగింది. ఆరేళ్ల పోటీలో షిఫ్‌కు 31.6 శాతం, గార్వీకి 31.5 శాతం వచ్చాయి. ప్రకటనలు చూసి అభ్యర్థులను తెలుసుకునేవాళ్లకు, డబ్బు ఎవరిని చూపిస్తే వాళ్లే కనిపిస్తారు. నాకు దీనిమీదే బాధ.

పూర్తి జాబితా ఎక్కడా లేదని నేను అనడం లేదు. మన ఎన్నికల సంఘం లాంటిది ఇక్కడ లేదు. రాష్ట్రంలో ఎన్నికలు చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం ధ్రువీకరించిన జాబితా పెడుతుంది, అదే అసలైనది. సెనేట్ అభ్యర్థి 3,480 డాలర్ల రుసుము కట్టాలి, లేదా దానికి బదులుగా సంతకాలు సేకరించి ఇవ్వాలి. ఎన్నికల విరాళాలు చూసే ఫెడరల్ సంస్థ దగ్గర నమోదైనంత మాత్రాన పేరు బ్యాలెట్ మీదికి రాదు. అందుకే ఆ ఫెడరల్ సంస్థ జాబితా చూసి "ఫలానా ఆయన కూడా ఉన్నారు" అని రాసేవాళ్లు పొరబడుతుంటారు. రాష్ట్రం ఇంటికి పంపే ఓటరు గైడు పుస్తకం ఉంది కదా అంటారేమో. అందులో సెనేట్ అభ్యర్థులు తమ గురించి రాసుకోవాలంటే ఆ చోటు డబ్బిచ్చి కొనుక్కోవాలి. కొననివాళ్ల గురించి అందులో చదువుకోవడానికి ఏమీ ఉండదు.

ఇంకో మాట తప్పకుండా చెప్పాలి. మా శాంటా క్లారా కౌంటీలో నమూనా బ్యాలెట్ తెలుగులో కూడా ఉంది! అడిగితే ఇస్తారు. దాని మీద ఓటు వేయకూడదు, పక్కన పెట్టుకుని చూసుకుంటూ అసలు బ్యాలెట్ నింపుకోవాలి. ఓటు వేసేశాక ఎవరో చెబితే నాకు తెలిసింది. పరాయి దేశంలో ఒక ప్రభుత్వ కార్యాలయం మన అక్షరాల్లో బ్యాలెట్ అచ్చువేసిందంటే కళ్లు చెమర్చాయి. ఆ కాగితం గురించి మా గ్రూపులో అప్పటిదాకా ఒక్కరికీ తెలియదు.

అయ్యా, తెలుగు మూలాలున్నవాళ్లు ఎక్కడైనా సిటీ కౌన్సిల్‌కు నిలబడితే మీరు ఫొటోతో సహా వేస్తారు. సంతోషమే, మేమూ గర్వపడతాం. కానీ మా ఓటు ఒక్క తెలుగు అభ్యర్థికే కాదు కదా. మాకు అందరి పేర్లూ కావాలి. బ్యాలెట్లు ఇళ్లకు చేరే వారం ముందు, ధ్రువీకరించిన జాబితాలోని పేర్లన్నీ తెలుగు అక్షరాల్లో వేయండి. ఒక్కొక్కరికి రెండు లైన్లు చాలు: ఏ పార్టీ, ఏం చేసేవారు. పెద్ద పేర్లకు ఎక్కువ, చిన్న పేర్లకు తక్కువ చోటు ఇవ్వకండి. ఏ పార్టీ పేరూ రాయకుండా ఓటరుగా నమోదైనవాళ్లు కూడా సెనేట్ ప్రైమరీలో ఎవరికైనా ఓటు వేయవచ్చని రాయండి. అధ్యక్ష పదవి ప్రైమరీకి నియమం వేరు కావడంతో, తమకసలు ఓటే లేదనుకుని కవరు విప్పనివాళ్లను నేను చూశాను. నమోదైన ఓటర్లలో మొన్న ఓటు వేసింది దాదాపు 35 శాతం మందే.

ఈ 2024 నవంబరు బ్యాలెట్లో కూడా సెనేట్‌కు రెండు పోటీలు ఉంటాయి. రెండింట్లోనూ అవే రెండు పేర్లు, షిఫ్, గార్వీ. అచ్చుతప్పు అనుకుని రెండోది ఖాళీగా వదిలేసేవాళ్లు మావాళ్లలో చాలామంది ఉంటారు. కనీసం ఈ ఒక్క సంగతైనా అక్టోబరు మొదటివారంలో మీ పేజీలో పెద్దక్షరాలతో వేయమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
సన్నీవేల్, కాలిఫోర్నియా