కుక్కకీ కూపే ముందే ఖాయం చేయండి

సంపాదకుడు గారికి,

సెలవులకి సికింద్రాబాద్ నుంచి విశాఖ వెళ్దామంటే మనుషుల టికెట్లు రెండు నెలల ముందే చేతికొస్తాయి, ఇంట్లో పెంచుకుంటున్న కుక్క రైలెక్కుతుందో లేదో మాత్రం బయల్దేరే రోజు దాకా తెలియదు.

కుక్క మన దగ్గరే ఉండాలంటే ఫస్ట్ ఏసీలో ఇద్దరు పట్టే కూపే గానీ నలుగురు పట్టే క్యాబిన్ గానీ మొత్తం మనదే అయ్యుండాలి. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్‌లో కుదరదు. ఆ రూలు సబబే, పక్క బెర్తులో కుక్కంటే భయపడేవాళ్లుండొచ్చు, వాళ్లని ఇబ్బంది పెట్టమని నేను అడగను. కానీ అంత డబ్బు పోసి ఫస్ట్ ఏసీలో రెండు టికెట్లు కొన్నా కూపే వస్తుందన్న హామీ లేదే! చార్టు తయారయ్యాకే తెలుస్తుంది. అర్జీ పెట్టుకుని, పశువుల డాక్టరు దగ్గర సర్టిఫికెట్ రాయించుకుని, టీకాల కార్డు పట్టుకుని పార్సిల్ ఆఫీసుకి బయల్దేరే వేళకి, కూపే వేరేవాళ్లకి వెళ్లిందని తేలుతుంది. ఇక మిగిలేది గార్డు దగ్గరుండే డాగ్ బాక్స్.

ఆ బాక్సుని నేను దగ్గరకెళ్లి చూశాను. ఇనప గోడలు, ఇనప నేల, జాలీ తలుపు, ఫ్యాను లేదు. మా లాబ్రడార్ లోపలికెళ్తే అటూ ఇటూ తిరగడానికే కష్టం. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పుతూనే ఒంట్లో వేడి తగ్గించుకుంటుంది, చుట్టూ ఉన్న గాలే కాగిపోతుంటే ఎంత రొప్పినా లాభం లేదు. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకైతే ప్రాణం మీదకే వస్తుంది. మే నెలలో ఖమ్మం, విజయవాడ ఎండలు ఎలా ఉంటాయో నేను చెప్పాలా? నీళ్లు పెట్టాలంటే కాసేపు ఆగే స్టేషన్ వచ్చేదాకా చూసి, గిన్నె పట్టుకుని ప్లాట్‌ఫాం వెంట ఆ పెట్టె దాకా పరుగెత్తి, రైలు కదిలేలోగా వెనక్కి రావాలి.

జంతువులకి అనవసరంగా బాధ కలిగేలా తరలించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. రైలుకి మాత్రం అది వర్తించదా?

ఈ తిప్పలు పడలేక కొందరు బుట్టలో దాచి థర్డ్ ఏసీ ఎక్కించేస్తారు, పట్టుబడితే లగేజీ చార్జీకి ఆరు రెట్లు కడతారు. కొందరు వాచ్‌మన్‌కి అప్పజెప్పి పోతారు, అదేమో పెట్టిన అన్నం ముట్టకుండా గేటు వైపే చూస్తూ కూర్చుంటుంది.

పెంపుడు జంతువులకీ ఆన్‌లైన్‌లో టికెట్ ఇచ్చే ప్రతిపాదన ఉందని 2023లో పత్రికల్లో చదివి సంతోషించాం. అంతకన్నా చిన్న పని ఒకటి వెంటనే చేయొచ్చు. వెంట కుక్క ఉందని రిజర్వేషన్ అప్పుడే చెప్పే వీలు పెట్టి, కూపే ఉంటే అప్పుడే ఖాయం చేయండి, లేకపోతే అప్పుడే లేదనండి, మా దారి మేం చూసుకుంటాం. గొలుసు, మూతికి చిక్కం, టీకాలు, శుభ్రం చేయడం మా బాధ్యత, చేయనివాళ్లకి గట్టిగా జరిమానా వేయండి. డాగ్ బాక్సులో గాలాడే ఏర్పాటు చేసేదాకా ఏప్రిల్, మే నెలల్లో పగటి రైళ్లకి ఆ బుకింగ్ ఆపాలని దక్షిణ మధ్య రైల్వే అధికారులని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, సికింద్రాబాద్